నోట్‌ప్యాడ్‌లో రోజు విడిచి రోజు చైనా భాష, ఊర్వశి జంక్షన్ మాత్రం తెలుగులోనే ఉంటోంది

నీళ్ల_లెక్కలు (కంచరపాలెం), బుధవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

మంచినీళ్ల క్యాన్లు వేసే చిన్న ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఆఫీసంటే కంచరపాలెంలో ఒక షట్టరు గది, బయట మూడు ట్రాలీ ఆటోలు, లోపల విండోస్ 7 కంప్యూటరు ఒకటి. బల్ల కింద మా తమ్ముడు వదిలేసి వెళ్లిన పాత ల్యాప్‌టాప్ ఉంది, అందులో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఉంది. తమ్ముడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. ల్యాప్‌టాప్ నాకు మిగిలింది, దాని బాధ్యతా నాకే మిగిలింది.

పని ఇలా నడుస్తుంది. రాత్రి పదకొండింటికి ఉబుంటు మర్నాటి బిల్లులు తయారు చేసి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. బిల్లులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. అదే ఫోల్డర్‌లో ఏరియాల జాబితా ఒకటి ఉంటుంది, అది తెలుగులో. మా ఓనరుగారే స్వయంగా నోట్‌ప్యాడ్‌లో కొట్టారు, అకారాది వరసలో, లైనుకో ఏరియా. కొత్త ఏరియా చేరితే తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. పొద్దున్నే నేను నోట్‌ప్యాడ్‌లో తెరిచి ప్రింటు తీసిస్తే కుర్రాళ్లు టిక్కులు పెట్టుకుంటూ తిరుగుతారు.

ఇన్నాళ్లూ నా బాధల్లా బిల్లులతోనే. ఉబుంటు నుంచి వచ్చిన బిల్లు విండోస్‌లో తెరిస్తే లైన్లన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి తోకలా కనిపించేది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "లైను చివర గుర్తు తేడా అక్కా, ఒక్క ముక్క కలిపితే చాలు" అని ఈ కమాండ్ వాట్సాప్‌లో పంపాడు. ఇంగ్లిష్ అక్షరాల బదులు తెలుగులో రాస్తున్నాను, మీరు అర్థం చేసుకోండి:

సెడ్ -ఐ 'ఎస్/$/\ఆర్/' *.టీఎక్స్‌టీ

ఆదివారం రాత్రి, రోజూ పదకొండింటికి నడిచే ఆ పని చివర దీన్ని పెట్టాను. సోమవారం పొద్దున బిల్లులు ముత్యాల్లా ఉన్నాయి. జాబితా తెరిచాను కదా, గుండె ఆగినంత పనైంది. అంతవరకు చక్కగా విడివిడిగా ఉన్న లైన్లు కలిసిపోయాయి. అదైనా ఫర్వాలేదు. అక్కయ్యపాలెం తెలుగులో ఉంది, దాని తర్వాత రావాల్సిన ఆరిలోవ చైనా అక్షరాల్లో ఉంది. ఆశీల్‌మెట్ట తెలుగు. ఇసుకతోట చైనా. ఉక్కునగరం తెలుగు. ఆ లెక్కన ఊర్వశి జంక్షన్ చైనా కావాలి కదా? కాదు, అది శుభ్రంగా తెలుగులో ఉంది! దాని తర్వాత ఎండాడ చైనా, ఎంవీపీ కాలనీ తెలుగు, ఎన్‌ఏడీ చైనా, ఇలా చివరిదాకా.

ఓనరుగారు చూసి "ఏటమ్మా ఇది, నీళ్లు షాంఘైకి కూడా వేస్తున్నామేటి?" అన్నారు.

మంగళవారం పొద్దున తెరిస్తే మొత్తం తెలుగు! నేను ఏమీ చేయలేదు, ఒట్టు. లైన్లు మాత్రం కలిసే ఉన్నాయి, పేరుకీ పేరుకీ మధ్య చిన్న డబ్బా గుర్తు ఉంది. ఊర్వశికి ముందు మాత్రం రెండు డబ్బాలు. సరే, దానంతట అదే తగ్గిందనుకున్నాను, జ్వరంలాగా. ఈరోజు పొద్దున మళ్లీ చైనా. అచ్చం సోమవారంలాగే, ఊర్వశి దగ్గర తెలుగుతో సహా.

కొత్తగా చేరిన కుర్రాడు చదవగలిగిన ఏరియాలకే క్యాన్లు వేసి వచ్చాడు. ఎండాడ నుంచి పొద్దుట్నుంచీ ఫోన్లు. ఇది వైరస్సా? ఊర్వశి జంక్షన్‌కి మాత్రం ఆ మినహాయింపు ఏంటి?

సాగర్‌తీరం_కుర్రోడు, బుధవారం రాత్రి 9.58

అక్కా, వైరస్ కాదు, టెన్షన్ పడకు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకో, ఉచితమే. ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్ (లైను చివర గుర్తులు మార్చేది) అని ఉంటుంది, అందులో విండోస్ అన్నది నొక్కు. కింద కుడివైపు సీఆర్ ఎల్ఎఫ్ అని కనిపిస్తే అయిపోయినట్టే. నేను రోజూ చేసేది అదే.

నీళ్ల_లెక్కలు, బుధవారం రాత్రి 10.20

చేశాను తమ్ముడూ, కాపీ తీసుకుని దాని మీద చేశాను. లైన్లు విడిపోయాయి. చైనా మాత్రం చైనాగానే ఉంది. ఇప్పుడు ఒక్కో చైనా పేరు ఒక్కో లైన్లో పద్ధతిగా కూర్చుంది, అంతే తేడా.

టక్‌టక్_తాత (పెదవాల్తేరు), బుధవారం రాత్రి 10.45

అమ్మా, చైనా సంగతి నాకు తెలియదు. ఈ లైను చివర గుర్తుల గొడవ ఎక్కడ పుట్టిందో మాత్రం తెలుసు, దాని పుట్టుకని కళ్లారా చూశాను. తంతి (టెలిగ్రామ్) ఆఫీసులో టెలిప్రింటర్ మీద, అంటే తీగ మీద అక్షరాలు పంపే అచ్చు యంత్రం మీద, కూర్చున్నవాణ్ణి. మద్రాసులో తయారైన హిందుస్థాన్ టెలిప్రింటర్ అది, నడుస్తుంటే పక్క గదిలో వాళ్లు కూడా గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చేది.

దాంట్లో లైను మారడమంటే రెండు వేరు వేరు పనులు. కుడి చివరికి వెళ్లిన అచ్చు బండిని ఎడమ చివరికి లాక్కురావడం ఒకటి, దాని పేరు క్యారేజ్ రిటర్న్. కాగితాన్ని ఒక్క వరస పైకి జరపడం రెండోది, లైన్ ఫీడ్. ఒక్కోదానికి ఒక్కో మీట. బండి రాకుండా కాగితం జరిగితే రెండో లైను మొదటి లైను ఆగిన చోటి నుంచి మొదలవుతుంది, కాగితం మీద సింహాచలం మెట్లు కట్టినట్టు అక్షరాలు కిందికి దిగుతాయి. కాగితం జరక్కుండా బండి ఒక్కటే వస్తే రాసిన లైను మీదే మళ్లీ రాస్తుంది, ఆ తంతి ఇక బ్రహ్మదేవుడు కూడా చదవలేడు.

మాకు నేర్పినాయన బండి మీట రెండుసార్లు, కాగితం మీట ఒకసారి కొట్టమనేవారు. ఎందుకండీ రెండుసార్లు అంటే, బండి ఇనపది నాయనా, దానికి వచ్చే టైమివ్వాలి అన్నారు. సెకనుకి ఆరేడు అక్షరాలు పోతున్నప్పుడు, బండి ఇంకా దారిలో ఉండగానే తర్వాతి అక్షరం వచ్చి పడితే అది లైను మధ్యలో ఎక్కడో అచ్చవుతుంది. రెండో మీట పని చేయడానికి కాదు, కాలయాపనకి.

కంప్యూటర్లు వచ్చాక బండీ లేదు, కాగితమూ లేదు, ఆ రెండు మీటలు మాత్రం ఉండిపోయాయి. 2013 జూలై 15న తంతి సేవే ఆగిపోయింది. మా మనవడు ఆరోజు ఫోన్‌లో చదివి చెప్పాడు. మీ నోట్‌ప్యాడ్ ఇంకా బండి కోసం ఎదురు చూస్తోందంటే నాకు ముచ్చటగానే ఉంది.

మద్దిలపాలెం_బైట్లు, బుధవారం రాత్రి 10.55

తాతగారూ, మీ రెండు మీటలకి కంప్యూటర్‌లో నంబర్లున్నాయి. బండి మీట 13, కాగితం మీట 10. డాస్, దాని వెనకే విండోస్, రెండూ ఉంచుకున్నాయి: 13, 10. యూనిక్స్ వాళ్లు బండి లేనప్పుడు బండి మీట దేనికని 10 ఒక్కటే పెట్టుకున్నారు, లినక్స్‌దీ అదే దారి. పాత మ్యాక్ 13 ఒక్కటే వాడేది, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక అదీ 10కి మారింది. విండోస్ 7 నోట్‌ప్యాడ్‌కి 13, 10 పక్కపక్కన కనపడితే తప్ప లైను మారదు. నీళ్ల లెక్కలుగారి బిల్లులు తోకలా కనిపించింది అందుకే. విండోస్ 10కి 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో నోట్‌ప్యాడ్ ఆ మొండితనం వదిలేసింది, కానీ విండోస్ 7కి ఆ భాగ్యం లేదు.

నీళ్ల లెక్కలుగారూ, చైనా కథకి మాత్రం నాకు రెండు విషయాలు కావాలి. ఆ జాబితాని ఓనరుగారు నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు కింద ఎన్‌కోడింగ్ (అక్షరాలని అంకెలుగా దాచే పద్ధతి) దగ్గర ఏం పెట్టారు? రెండోది, ఉబుంటులో ఈ కమాండ్ కొట్టి మొదటి నాలుగైదు వరసలు ఇక్కడ పెట్టండి. ఫైల్లో ఉన్న బైట్లని (కంప్యూటర్ దేన్నైనా దాచుకునే చిన్న గడులు, ఒక్కోదాంట్లో 0 నుంచి 255 దాకా ఒక అంకె) అంకెల్లో చూపిస్తుంది, దేన్నీ మార్చదు:

ఓడీ -ఏఎన్ -టీయూ1 జాబితా.టీఎక్స్‌టీ

ఇంకో మాట. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఫర్వాలేదు, సేవ్ మాత్రం నొక్కకండి. ఈ రాత్రికి ఆ సెడ్ లైను కూడా ఆపేయండి.

నీళ్ల_లెక్కలు, బుధవారం రాత్రి 11.25

అమ్మో, ఇంకో అరనిమిషం ఆలస్యమైతే నడిచేసేది. పరిగెత్తి ఆపాను.

ఓనరుగారికి ఫోన్ చేస్తే, మొదట ఏదో ఏఎన్‌ఎస్‌ఐ అని ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలు అయిపోయాయట, అందుకని ఆ మెనూలో దాని కింద యూనికోడ్ అని ఉన్నది పెట్టారట. నిద్రలో లేపినందుకు రెండు మాటలు కూడా పడ్డాయి.

అంకెలు ఇవీ:

255 254 5 12 21 12 77 12 21 12 47 12 77 12 47 12
42 12 62 12 50 12 70 12 2 12 13 0 13 13 13 10
0 6 12 48 12 63 12 50 12 75 12 53 12 13 0 13
13 13 10 0

ఆ తర్వాత ఇలాగే చాలా ఉంది. అన్నీ 12లే. చూస్తుంటే లాటరీ టికెట్లలా ఉన్నాయి.

మద్దిలపాలెం_బైట్లు, గురువారం తెల్లవారుజాము 12.30

నిద్ర పోయింది గానీ దొరికింది. చాలా అందమైన తప్పు ఇది, నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి రెండు అంకెలు, 255 254, ఆ ఫైలు యూటీఎఫ్-16 అని చెబుతున్నాయి. పాత నోట్‌ప్యాడ్ యూనికోడ్ అని పిలిచేది దాన్నే. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోదానికి రెండేసి బైట్లు. అసలు యూనికోడ్ అంటే అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చిన పట్టిక, అందులో మన తెలుగుకి 3072 నుంచి 3199 దాకా గదులిచ్చారు. 3072 అంటే 12 సార్లు 256. కాబట్టి ప్రతి తెలుగు అక్షరంలో రెండో బైటు 12, అది వీధి పేరు అనుకోండి. మొదటి బైటు ఇంటి నంబరు. మీ అంకెల్లో 5 12 అంటే అ, 21 12 అంటే క, 77 12 అంటే పొల్లు, మళ్లీ 21 12 క. అ, క్, క... అక్కయ్యపాలెం. చదవడం వచ్చేసింది చూశారా?

లైను చివర కూడా ఇక్కడ రెండేసి బైట్లే. 13కి 13 0, 10కి 10 0. అంటే ఓనరుగారు సేవ్ చేసినప్పుడు ప్రతి పేరు చివరా 13 0 10 0 ఉంది. విండోస్‌కి కావాల్సింది అదే. ఈ ఫైలుకి అసలు ఏ మార్పూ అక్కర్లేదు.

సెడ్‌కి ఈ జంటల సంగతి తెలియదు. అది బైట్లని ఒక్కొక్కటిగా చూస్తుంది. 10 కనపడిన ప్రతిచోటా దాని ముందు ఒక 13 పెట్టుకుంటూ పోయింది. 13 0 10 0 కాస్తా 13 0 13 10 0 అయింది. నాలుగు బైట్లు ఐదయ్యాయి. జంటలుగా నడుస్తున్న వరసలో ఒంటరి మనిషి దూరాడు. అక్కణ్ణుంచి జతలన్నీ తప్పాయి: ఒక అక్షరపు 12, తర్వాతి అక్షరపు ఇంటి నంబరు కలిసి కొత్త జత కట్టాయి. ర ఇంటి నంబరు 48. 48 వీధిలో 12వ ఇల్లంటే అది చైనా, జపాన్ వాళ్ల కొటేషన్ గుర్తు. ా, ి, పొల్లు లాంటివి తగిలినచోట చైనా అక్షరాలు. న అయితే బ్రెయిల్ చుక్కలవుతుంది. మీ ఆరిలోవలో రెండో గుర్తు మూల కట్టినట్టు ఉంటుంది, చూడండి.

ఆరిలోవ అయిపోయాక ఇంకో 10, దాని ముందు ఇంకో అదనపు 13. ఇద్దరు ఒంటరివాళ్లు కలిస్తే మళ్లీ జత. అందుకే ఆశీల్‌మెట్ట మళ్లీ తెలుగు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు, ఇలా జాబితా పొడుగూతా.

ఇప్పుడు ఊర్వశి. మన అచ్చులు యూనికోడ్‌లో అ 5, ఆ 6, ఇ 7, ఈ 8, ఉ 9. తర్వాతది?

ఊ. 10.

ఊ అనే అక్షరాన్ని యూటీఎఫ్-16లో రాస్తే 10 12. సెడ్ ఆ 10ని చూసి ఇదీ లైను చివరే అనుకుని దాని ముందు కూడా ఒక 13 పెట్టింది. ఉక్కునగరం చివర ఒక అదనపు 13, ఊ ముందు ఇంకొకటి, వెంటవెంటనే రెండు. జత కుదిరింది. చైనాలో పడాల్సిన ఊర్వశి బయటపడింది. ఆ తర్వాత లెక్క తిరగబడి, తెలుగులో ఉండాల్సిన ఎండాడ చైనాలో పడింది. మీ జాబితాలో ఊతో మొదలయ్యే పేరు అదొక్కటే కాబట్టి తిరగబడటం అక్కడొక్కచోటే జరిగింది. ఊ అక్షరం ఇంకోచోట ఉంటే అక్కడా జరిగేది. ఊరు, ఊయల, ఏదైనా సరే. గుణింతంలో వచ్చే ూ మాత్రం వేరే ఇంట్లో ఉంటుంది, దానికీ ప్రమాదానికీ సంబంధం లేదు.

13వ ఇంట్లో తెలుగులో ఎవరూ లేరు, తెలుసా? ఋ 11, ఌ 12, తర్వాత ఖాళీ, ఎ 14. దేశంలోని లిపులన్నీ ఒకే వరసలో సర్దినప్పుడు దేవనాగరిలో ఆ స్థానంలో ఇంగ్లిష్ పలుకుకోసం పెట్టిన ఒక అచ్చు వచ్చింది, మనకి అది లేదు. కాబట్టి 13లన్నీ తీసేసే కమాండ్ కొట్టినా మన అక్షరాల బైట్లేవీ పోవు, కానీ అసలు 13 పక్కనున్న 0 ఒంటరిదై జతలు మళ్లీ తప్పుతాయి. అందుకే అలా చేయకండి, కింద సరైనది చెబుతున్నాను.

రోజు విడిచి రోజు ఎందుకంటే, బిల్లులు రాత్రికి రాత్రి కొత్తగా తయారవుతాయి, జాబితా పాతదే. ఆదివారం రాత్రి ఒక 13 కలిసింది. సోమవారం రాత్రి అదే ఫైల్లో ఇంకొకటి, మొత్తం రెండు, సరి సంఖ్య, కాబట్టి అక్షరాలు జతకొచ్చాయి. ఆ రెండు 13లూ కలిసి ఎవరికీ కేటాయించని ఒక గదికి నంబరయ్యాయి, మీకు కనిపించిన డబ్బా అదే. ఊ ముందు సొంతంగా ఇంకో జత ఉంది కాబట్టి ఊర్వశికి రెండు డబ్బాలు. మంగళవారం రాత్రి మూడోది, బేసి, మళ్లీ చైనా. మీ అంకెల్లో 10కి ముందు 13 13 13 ఉంది చూడండి, మూడు రాత్రులు. వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు చెప్పొచ్చు.

మంచి వార్త ఏంటంటే ఒక్క బైటు కూడా పోలేదు. సెడ్ కలిపింది తప్ప తీసేయలేదు. అది పెట్టిన 13లన్నీ 10కి ఆనుకుని ఉన్నాయి. మీ అసలు 13లకి, 10కి మధ్య 0 ఉంది. కాబట్టి ఆనుకున్నవాటిని మాత్రమే ఏరేయాలి:

సెడ్ 'ఎస్/\ఆర్*$//' జాబితా.టీఎక్స్‌టీ > బాగైనది.టీఎక్స్‌టీ

నక్షత్రం గుర్తు మర్చిపోవద్దు. అది ఉంటే ఎన్ని రాత్రులు నడిచినా ఒకేసారి పోతాయి. మళ్లీ ఓడీ కొట్టి చూస్తే పేరు చివర 13 0 10 0 అని ఉండాలి.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో మార్చిన కాపీ ఉంది కదా, దాన్ని పారేయండి. అది చెదిరిన జతల్నే నిజమైన అక్షరాలని నమ్మి కొత్త లైను గుర్తులు పెట్టేసింది, దాన్ని వెనక్కి తేవడం కష్టం. మీరు కాపీ మీద చేయడం మీ అదృష్టం.

ఇక ముందు ఇలా జరగకుండా జాబితాని యూటీఎఫ్-8లోకి మార్చేయండి:

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టీ యూటీఎఫ్-8 బాగైనది.టీఎక్స్‌టీ > జాబితా8.టీఎక్స్‌టీ

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ఊ అంటే 224 176 138. మూడూ 127 కంటే పెద్దవే, ఏ తెలుగు అక్షరానికైనా అంతే. అంటే 10, 13 అనే అంకెలు అక్షరం లోపలికి రానే రావు, 10 కనపడిందంటే అది లైను చివరే. ఫైలు కొంచెం లావవుతుంది, మీ జాబితాకి అదో లెక్క కాదు.

తమ్ముడు ఇచ్చిన సెడ్ లైను బదులు యూనిక్స్2డాస్ వాడండి. ఉబుంటులో డాస్2యూనిక్స్ అనే ప్యాకేజీ వేస్తే రెండూ వస్తాయి. అది ఇప్పటికే 13, 10 ఉన్న చోట ఇంకో 13 పెట్టదు, ఎన్ని రాత్రులు నడిచినా ఒకటే. నక్షత్రం చుక్క టీఎక్స్‌టీ అని ఫోల్డర్ మొత్తాన్ని అప్పగించకుండా బిల్లుల పేర్లతో మొదలయ్యేవాటికే పెట్టండి. మీ తమ్ముణ్ణి తిట్టకండి, బిల్లుల వరకు అతను చెప్పింది సరైనదే. తెలుగు ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉందని అతనికి తెలిసి ఉండదు.

సాగర్‌తీరం_కుర్రోడు, గురువారం ఉదయం 7.15

మాస్టారూ, దండం. ఊకి ఇంత కథ ఉందని నాకిప్పుడే తెలిసింది. అక్కా, కాపీ తీసుకోమని చెప్పకుండా సలహా ఇచ్చాను, సారీ.

లెక్క_తేలని_గాజువాక, గురువారం ఉదయం 8.05

ఈ 13తో నేను పడ్డ బాధ చిన్నది, కానీ మూడు రోజులు తినేసింది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలు) తీసి లినక్స్‌లో ఏరియావారీగా లెక్క కడుతున్నాను. చివరి గడి ఏరియా పేరు. గాజువాక అని వెతికితే సున్నా. స్క్రీన్ మీద గాజువాక అని వరసగా ఇరవై కనిపిస్తున్నాయి, లెక్క మాత్రం సున్నా. గుడ్డివాణ్ణి అయిపోయానా అనుకున్నాను. చివరికి క్యాట్ -ఏ కొడితే ప్రతి లైను చివరా డాలర్ గుర్తుకి ముందు క్యారెట్, ఎం కనిపించాయి. నా దగ్గరున్నది గాజువాక కాదు, గాజువాక తోక పట్టుకున్న 13. డాస్2యూనిక్స్ కొట్టాక తేలింది. తెలుగు కాబట్టి అలా జరిగిందని మా మేనేజరు ఇంగ్లిష్ పేర్లు పెట్టించాడు, ఇంగ్లిష్‌లోనూ అంతే కదా అంటే వినలేదు.

ఒక చిట్కా కూడా: షెల్ స్క్రిప్టుని విండోస్‌లో రాసి లినక్స్‌కి తెస్తే బ్యాష్ (ఆ స్క్రిప్టుని నడిపే ప్రోగ్రామ్) దొరకలేదని ఎర్రర్ వస్తుంది చూడండి, ఉన్న బ్యాష్‌ని లేదంటుంది. అదీ ఈ 13 పనే. మొదటి లైన్లో బ్యాష్ పేరు చివర 13 అంటుకుని, ఆ పేరున్న ప్రోగ్రామ్ కోసం వెతుకుతుంది.

రుషికొండ_రాత్రిషిఫ్టు, గురువారం ఉదయం 8.30

మా టీమ్‌లో సగంమంది విండోస్, సగంమంది మ్యాక్. కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో ఒక్క లైను మారిస్తే, లైను చివర గుర్తుల తేడా వల్ల ఫైలంతా మారినట్టు చూపించేది, వాడు నన్ను, నేను వాణ్ణి అనుమానించుకున్నాం. గిట్ఆట్రిబ్యూట్స్ ఫైల్లో నక్షత్రం టెక్స్ట్=ఆటో అని పెట్టాక గొడవ ఆగింది. ఎవరి మెషీన్‌లో వాళ్లు ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగు పెట్టుకుంటే చాలనేవాళ్ల మాట నమ్మకండి, ఎవడో ఒకడు పెట్టుకోడు. నీళ్ల లెక్కలుగారికి ఇది అక్కర్లేదు, ఈ దారం చదివే మిగతావాళ్లకోసం రాశాను.

నీళ్ల_లెక్కలు, గురువారం ఉదయం 10.40

మాస్టారూ!! వచ్చేసింది. పొద్దున ఆరింటికే వెళ్లి కూర్చున్నాను. నక్షత్రం మర్చిపోకుండా కొట్టాను. ఓడీలో 13 0 10 0 కనపడగానే కుర్చీలోంచి లేచాను. మొత్తం యాభై రెండు ఏరియాలు, లైనుకోటి, ఒక్కటీ పోలేదు. చైనా కాపీ ఒకటి దాచుకున్నాను, ఆరిలోవలో ర నిజంగానే మూల కట్టినట్టుంది.

యూటీఎఫ్-8 కూడా చేశాను. ఒక చిన్న సందేహం. అది విండోస్ 7 నోట్‌ప్యాడ్‌లో బాగానే తెరుచుకుంది. కానీ ఓనరుగారు ఒక పేరు చేర్చి సేవ్ చేశాక ఓడీలో మొదట 239 187 191 అని మూడు కొత్త అంకెలొచ్చాయి. మళ్లీ ఏమైనా మొదలైందా?

తాతగారూ, మీరు చెప్పిన మెట్ల సంగతి ఓనరుగారికి చదివి వినిపించాను. వాళ్ల నాన్నగారికి ఉద్యోగం వచ్చిందని తంతి వచ్చిందట, ఇంకా ఫ్రేమ్ కట్టించి ఇంట్లో ఉందట.

మద్దిలపాలెం_బైట్లు, గురువారం మధ్యాహ్నం 1.15

భోజనం మధ్యలో రాస్తున్నాను. ఆ మూడు అంకెలు బీఓఎం, అంటే ఇది యూటీఎఫ్-8 అని నోట్‌ప్యాడ్ తనకోసం తను వేసుకునే ముద్ర. మీరు జాబితాని ప్రింటు తీయడానికే వాడుతున్నారు కాబట్టి హాని లేదు. ఎప్పుడైనా ఉబుంటు స్క్రిప్టు ఆ పేర్లని చదివి పోల్చాల్సి వస్తే అక్కయ్యపాలెం ముందు ఈ ముద్ర, ప్రతి పేరు చివరా 13 అంటుకుని ఏదీ దొరకదు, గాజువాక మిత్రుడికి దొరకనట్టు. అప్పుడు డాస్2యూనిక్స్ కొట్టండి, అది ఆ ముద్రని కూడా తీసేస్తుంది.

టక్‌టక్_తాత, గురువారం సాయంత్రం 5.30

ఫ్రేమ్‌లో ఉన్న తంతిని ఒకసారి ఫొటో తీసి పెట్టమ్మా. దాని మీద అక్షరాలు ఎక్కడైనా ఒకదానిమీద ఒకటి ఎక్కాయేమో చూస్తాను. ఈ ఊళ్లో దిగినదైతే అందుకున్న చెయ్యి నాదే కావచ్చు.

నీళ్ల_లెక్కలు, గురువారం రాత్రి 8.50

అడుగుతాను తాతగారూ. ఈ రెండు రోజుల్లో ఓనరుగారు వేరే జాగ్రత్త తీసుకున్నారు. రేపటి నుంచి జాబితాలో ఊర్వశిని హ్రస్వం పెట్టి ఉర్వశి అని రాయమన్నారు. ఎందుకండీ, ఇప్పుడు యూటీఎఫ్-8 కదా, ఊకి ఏమీ కాదు అంటే, "ఎందుకైనా మంచిదమ్మా" అన్నారు. నేను మార్చలేదు, దీర్ఘమే ఉంచాను. ఈ రాత్రి పదకొండింటికి ఇక్కడే కూర్చుని యూనిక్స్2డాస్ నడవడం చూసి ఇంటికెళ్తాను.